అరగ్లాసు నీళ్లు

కరీంనగర్‌కు వచ్చిన ఎనిమిది నెలల్లో చాంద్‌బీ నల్లాను తిట్టని రోజు లేదు. సొంత ఊరు ఇచ్చోడలో ఉన్నన్నాళ్లూ ఆమె నోరు మంచిదని పేరు. ఆ పేరు చెడగొట్టినవి ఈ నీళ్లే. సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు, ఒంటి మీద జిగట మాత్రం మిగులుతుంది. కుక్కర్ ఎనిమిది కూతలు పెట్టినా కందిపప్పు పలుకు పలుకుగానే ఉంటుంది. బకెట్ల అంచులకు తెల్లటి పొలుసు, నల్లా మూతికి తెల్లటి గడ్డం. కొత్త గీజర్ ఆరు నెలలకే చతికిలబడింది. కోడలు లైబా తల దువ్వుకున్నప్పుడల్లా దువ్వెన తెచ్చి చూపించి "అమ్మీ, ఇగ చూడుండ్రి, నా నెత్తి" అని కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. తాగడానికి మంచినీళ్ల ప్లాంటు నుంచి క్యాన్ తెచ్చుకుంటారు. మిగతా అన్నిటికీ నల్లాయే గతి, ఆ నల్లాలో వచ్చేవి కాలనీ బోరు నీళ్లే.

ఇచ్చోడలో వాళ్ల ఇంటి వెనక చేదబావి ఉండేది. భర్త ఇబ్రాహీం అక్కడ ముప్పై ఏళ్లు దర్జీ పని చేశాడు. కొడుకు అమ్జద్‌కు ఇక్కడ బట్టల దుకాణంలో పని దొరికాక, కిరాయి ఇల్లు చూసి తల్లిదండ్రుల్ని పిలిపించుకున్నాడు. కుట్టుమిషను లారీ ఎక్కింది, గిన్నెలు ఎక్కాయి, బావి ఎక్కలేదు.

చాంద్‌బీకి తల్లి నేర్పిన అలవాటు ఒకటి ఉంది. పాలగిన్నెలో ముందు అరగ్లాసు నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టాలి, అవి కాగాక పాలు పోయాలి. అట్లా చేస్తే పాలు అడుగంటవు. తెల్లవారుజామున ఫజర్ నమాజుకు లేచినప్పుడే నల్లా తిప్పి, అరగ్లాసు పట్టి, గిన్నెను సన్నమంట మీద పెట్టేది. నమాజు ముగిసేసరికి నీళ్లు సలసల మరిగి, ఇగిరి, అడుగున చెంచాడు మిగిలేవి. అప్పటికి గల్లీలో "పాలూ" అని భూమవ్వ కేక వినిపించేది. నలభై ఏళ్లుగా చేస్తున్న పని అది. చేతులు వాటంతట అవే చేసేవి, మనసు వేరే ఎక్కడో తిరుగుతుండేది.

భూమవ్వది ఆరు కిలోమీటర్ల దూరంలోని పల్లె. రెండు బర్రెలున్నాయి. భర్త అంతయ్య పాలు పితికితే ఆమె క్యాన్లు షేర్ ఆటోలో వేసుకుని తెల్లవారేసరికి గల్లీలో దిగేది. కొత్త ఊళ్లో చాంద్‌బీని మొట్టమొదట పలకరించిన మనిషి ఆమే. లారీ నుంచి సామాను దింపుకుంటుంటే ఆగి "ఏ ఊరక్కా మీది?" అని అడిగింది. ఇచ్చోడ అని తెలిసి "అబ్బో, గంత దూరంకెల్లి వచ్చిండ్రా" అని, ఆ పూట చాయ్‌కి పాలు ఊరికే పోసి పోయింది. అప్పటి నుంచి ఈమె ఆమెను భూమక్క అంటుంది, ఆమె ఈమెను చాందక్క అంటుంది. ఇద్దరిలో ఎవరు పెద్దో తేల్చుకునే తీరిక ఇద్దరికీ లేదు.

పెద్ద బర్రె ఈనినప్పుడు జున్నుపాలు మొదట ఈ ఇంటికే వచ్చాయి. రోజూ లీటరు కొలిచి పోశాక భూమవ్వ క్యాన్‌కు మూత పెట్టబోయి ఆగేది, మళ్లీ వంచి ఒక గుక్కెడు కొసరు పోసేది. "గిది నీ లీటర్ల లెక్క గాదు, నా దిక్కుకెల్లి" అనేది. ఆ గుక్కెడు పాలు చూస్తే చాంద్‌బీకి ఈ ఊళ్లో తనకూ ఒక మనిషి ఉందనిపించేది.

ఎండలు ముదిరే వేళకు ఇబ్రాహీంకు నడుము దగ్గర నొప్పి మొదలైంది. మొదట మిషను తొక్కీ తొక్కీ వచ్చిన నొప్పే అనుకున్నారు. ఒక మధ్యాహ్నం మనిషి మెలికలు తిరిగిపోయి నేల మీద పడి దొర్లాడు. స్కానింగ్ తీస్తే కిడ్నీలో రాయి ఉందని తేలింది. ఎందుకు వచ్చిందని చాంద్‌బీ అడిగితే డాక్టరు "దానికి కారణాలు చాలా ఉంటయమ్మా, ఇదీ అని చెప్పలేం, నీళ్లు బాగా తాగమనండి" అన్నాడు. చాంద్‌బీకి ఆ జవాబు నచ్చలేదు. కారణాలు చాలా ఉంటే మనిషి ఎవరిని తిట్టాలి?

ఆ వారమే పాలగిన్నె తోముతూ లైబా ఒక కేక పెట్టింది. గిన్నె అడుగున ఎప్పటి నుంచి పేరుకుందో తెల్లటి పెచ్చు. గోటితో గీకితే సుద్దలా పొడి రాలింది. ఇచ్చోడ నుంచి తెచ్చుకున్న గిన్నె అది, ఇన్నేళ్లలో దాని అడుగు ఎన్నడూ ఇట్లా అవలేదు. గిన్నె పాతదే, పొయ్యి పాతదే, పెట్టే చెయ్యీ పాతదే. కొత్తవి పాలు మాత్రమే. చాంద్‌బీ లెక్క అంతవరకు బాగానే నడిచింది. ఆ అరగ్లాసు నీళ్లు మాత్రం ఆమె లెక్కలో నీళ్లే కావు. అది పాలగిన్నె, అందులో ఉండేవి పాలు, అంతే.

లైబా ఫోన్‌లో ఒక వీడియో వెతికి పట్టింది. పాలల్లో సుద్దపొడి కలిపితే నిమ్మరసం పిండగానే పొంగుతుందట. వెంటనే నిమ్మకాయ కోసి పెచ్చు మీద పిండారు. బుసబుసమని నురగ వచ్చింది. సబ్బుకు రాని నురగ నిమ్మకాయకు వచ్చిందేమిటా అని అప్పుడైనా ఎవరికైనా తట్టాల్సింది. తట్టలేదు. చాంద్‌బీకి భర్త నేల మీద దొర్లిన దృశ్యమే కళ్ల ముందుంది.

మర్నాడు పొద్దున ఆమె పాలు పోయించుకునే సర్వ పట్టుకుని గుమ్మంలో నిలబడింది. భూమవ్వ ఎప్పటిలాగే లీటరు పోసి, కొసరు పోసి, "అన్నకు పానం ఎట్లుంది చాందక్కా?" అని అడిగింది.

"నువ్వే చెప్పాలె" అంది చాంద్‌బీ. "పాలల్ల ఏం కలుపుతున్నవ్?"

భూమవ్వ నవ్వబోయింది. చాంద్‌బీ మొహం చూసి ఆగిపోయింది. "నేనేం కలుపుత? నీళ్ల చుక్క గూడ కలప, నీకు ఎర్కలేదా?"

చాంద్‌బీ గిన్నె తెచ్చి ముందు పెట్టింది. నిమ్మచెక్క పిండింది. నురగ లేచింది. ఎదురింటి రమ గేటు తీసుకుని వచ్చింది, ఆమె వెనక ఇంకో నలుగురు వచ్చారు.

"నీ పాలల్ల సుద్ద ఉన్నది. గదే సుద్ద నా మొగని కడుపుల రాయి ఐంది. అక్కా అక్కా అనుకుంట ఎంత పని చేసినవే!"

భూమవ్వ క్యాన్ మూత తీసింది. లీటరు డబ్బా నిండా పాలు ముంచి, అందరూ చూస్తుండగా గటగటా తాగేసింది. కొంగుతో మూతి తుడుచుకుని "ఇగో, తాగిన. నా ఇద్దరు పిల్లలు తాగి పెరిగిన పాలు ఇవి. బర్రె మీద ఒట్టు, నేను ఏం కలపలే" అంది.

అప్పుడు చాంద్‌బీ చేసిన పని తర్వాత ఎన్నిసార్లు తలుచుకుందో ఆమెకే తెలుసు. సర్వలో పాలను, కొసరుతో సహా, గుమ్మం ముందు మోరీలో వంచేసింది. పాలు నల్లటి నీళ్లలో కలిసి తెల్లగా సాగిపోయాయి. భూమవ్వ అవి మలుపు తిరిగేదాకా చూసింది. తర్వాత క్యాన్లు ఎత్తుకుని, రోడ్డు దాకా నడిచి, ఆటో కోసం అవతల పక్కన నిలబడింది.

ఆ పొద్దు గల్లీలో పదకొండు ఇళ్లలో నిమ్మకాయలు తెగాయి. పదకొండు పాలగిన్నెలూ నురగలు కక్కాయి. అందరి గిన్నెల్లోనూ ఉందంటే ఇంక అనుమానం ఏముంటుంది? పదకొండు ఇళ్లకూ అదే నల్లా అన్న సంగతి అంత పెద్ద పంచాయతీలో ఎవరికీ గుర్తు రాలేదు. మర్నాటి నుంచి అందరూ పాకెట్ పాలకు మారిపోయారు. భూమవ్వ రెండు రోజులు వచ్చి ఒక్కో గేటు ముందు నిలబడి పిలిచి చూసింది, మూడో రోజు నుంచి రాలేదు.

చాంద్‌బీ పాత గిన్నెను తోమకుండా సాక్ష్యంగా అటక మీద పెట్టించి, కొత్త స్టీలు గిన్నె కొనుక్కుంది. పని సక్కగా అయిందని అనుకోవాలి కదా? మనసు మాత్రం కుదురుగా లేదు. పొద్దున లేస్తే చెవులు గల్లీ వైపే ఉండేవి. ఆటో చప్పుడు వినిపిస్తే గుమ్మం దాకా వెళ్లి తిరిగి వచ్చేది. ఇబ్రాహీం మిషను మీద కూర్చుని "ఏమైంది, గట్ల ఇంట్లకు బయటికి తిరుగుతున్నవ్?" అంటే "ఏం లేదు" అనేది. తిన్నది ఒంటబట్టేది కాదు. లైబా మీద, అమ్జద్ మీద, ఆఖరికి కుట్టుమిషను చప్పుడు మీద కూడా కసురుకునేది.

అసలు సంగతి ఆమెకు పది రోజులకే తెలిసింది. తెలిసిందంటే ఒప్పుకుందని కాదు. కొత్త గిన్నె అడుగున సన్నగా తెల్లటి మరక కనిపించింది. ఇంటివాళ్లు లేవకముందే చింతపండుతో బరబరా తోమేసింది. రెండు రోజులకు మళ్లీ వచ్చింది. మళ్లీ తోమింది. పాకెట్ పాలవాళ్లు కూడా సుద్ద కలుపుతున్నారని తనకు తాను చెప్పుకుంది. ఆ మాట లైబాకు చెప్పలేదు, నిమ్మకాయా కొయ్యలేదు. కొయ్యాలని చెయ్యి పోయేది, ఏం తెలుస్తుందోనని భయం వేసి వెనక్కి వచ్చేది. దొంగతనం చేసిన పిల్లలాగా పొద్దుపొద్దున్నే గిన్నె తోముకుంటూ ఇరవై రోజులు గడిపింది.

ఇరవై ఒకటో రోజు పాకెట్ పాల బండి రాలేదు. దారిలో చెడిపోయిందని తర్వాత తెలిసింది. చాంద్‌బీ అలవాటు ప్రకారం అరగ్లాసు నీళ్లు పోసి గిన్నెను పొయ్యి మీద పెట్టి నమాజుకు కూర్చుంది. లేచి, బండి కోసం గుమ్మంలో నిలబడింది. వంటింట్లో నుంచి గిన్నె కాలిన వాసన వచ్చింది. పరుగెత్తి పొయ్యి ఆర్పి చూస్తే నీళ్లన్నీ ఇగిరిపోయాయి. తళతళలాడే గిన్నె అడుగున గుండ్రంగా, తెల్లగా, పల్చటి పెచ్చు.

ఆ పొద్దు ఆ గిన్నెలో పాల చుక్క పడలేదు. ఆమె నిలబడి చాలాసేపు చూసింది. తర్వాత, ఇక తప్పదన్నట్టు, నిమ్మకాయ కోసి పిండింది.

బుసబుసమంది.

"యా అల్లా" అని చాంద్‌బీ వంటింటి గడప మీద కూలబడింది. మోరీలో సాగిపోయిన పాలు కళ్ల ముందుకు వచ్చాయి. పొద్దున్నుంచి రాత్రి దాకా ఈ నీళ్లను తిట్టింది, బట్టలకు తిట్టింది, పప్పుకు తిట్టింది, కోడలి జుట్టుకు తిట్టింది. తన చేత్తో పాలగిన్నెలో పోసిన అరగ్లాసును మాత్రం వదిలేసి, ఆ తప్పును తెచ్చి భూమక్క నెత్తిన పెట్టింది.

ఇబ్రాహీం అంతా విని మెల్లగా అన్నాడు. "గల్తీ అయింది. ఇప్పుడు గల్లీల చెప్పుకుంటే మన ఇజ్జతే పోతది. కిరాయికున్నోళ్లం. జర ఊకో చాంద్."

"ఆమె ఇజ్జత్ నేను గల్లీలనే తీసిన" అంది చాంద్‌బీ. "ఇంట్ల కూసోని ఎట్ల తిరిగి ఇయ్యాలె?"

లైబా సన్న గొంతుతో "వీడియో నేనే చూపించిన అమ్మీ, నేను గూడ వస్త" అంది. చాంద్‌బీ చాలా రోజులకు కోడలిని కసురుకోకుండా చూసింది.

గల్లీ మధ్యలో, రమ ఇంటి అరుగు మీద చిన్న గ్యాస్ పొయ్యి పెట్టారు. చాంద్‌బీ రమ ఇంటి నల్లా నీళ్లే అడిగి గిన్నెలో పోసి, అందరినీ పిలిచి, ఇగిరేదాకా మరిగించింది. నిమ్మకాయ కూడా రమ చేతికే ఇచ్చి పిండమంది. నురగ చూసి రమ ముక్కు మీద వేలు వేసుకుంది. "అయ్యో ఆంటీ, మేం గూడ గిన్నెల ముందుగాల నీళ్లు పోస్తం గదా!" అంది. అందరూ పోస్తారు. లేదంటే నల్లా నీళ్లతో కడిగి తడి తడిగానే పొయ్యి మీద పెడతారు.

"తప్పు నాది" అని చాంద్‌బీ గట్టిగా చెప్పింది. "భూమక్క పాలల్ల ఏం లేదు. నేను అన్న మాట అబద్ధం. మీ అందరి ముంగట అన్న, మీ అందరి ముంగటనే వాపస్ తీసుకుంటున్న."

కొందరు అయ్యో పాపం అన్నారు. కొందరు పాకెటే అలవాటైపోయింది, పొద్దున్నే లేవక్కర్లేదు అన్నారు. ఒకావిడ మాత్రం "నువ్వే గదమ్మా గంత లొల్లి చేసినవ్" అని ముఖం మీదే అనేసి పోయింది. అనాల్సిన మాటే కాబట్టి చాంద్‌బీ తల వంచుకుని గిన్నె, పొయ్యి సర్దుకుంది.

ఆ మధ్యాహ్నమే షేర్ ఆటో ఎక్కింది. భూమవ్వ ఇల్లు అడుగుతూ పోతే ఊరి చివర రేకుల ఇల్లు చూపించారు. కొట్టంలో రెండు గుంజలున్నాయి. ఒక గుంజకు చిన్న బర్రె కట్టేసి ఉంది. రెండో గుంజకు పలుపు మాత్రమే వేలాడుతోంది.

అంతయ్య నులకమంచం మీద నుంచి లేవకుండానే చెప్పాడు. "పెద్ద బర్రెను పోయిన వారం అంగట్ల అమ్మేసినం. పాలు పొయ్యనీకె ఇండ్లే లేకపాయె. ఇద్దరి కడుపు నింపుడే కష్టమున్నది, రెండు బర్రెల కడుపు యాడ నింపుతం?"

జున్నుపాలు ఇచ్చిన బర్రె అదే. భూమవ్వ గడ్డిమోపు దించి, చేతులు దులుపుకుంటూ వచ్చి చాంద్‌బీని చూసింది. కూర్చోమనలేదు, పొమ్మనలేదు.

చాంద్‌బీ దారి పొడుగునా కూడబెట్టుకున్న మాటలన్నీ మరిచిపోయింది. "నీళ్లు భూమక్కా. మా నల్లా నీళ్లు. గిన్నెల నేనే పోసిన. గల్లీల అందరికీ చెప్పిన. నన్ను మాఫ్ చెయ్" అంది, అంతే. అని ఏడ్చేసింది.

భూమవ్వ లోపలికి వెళ్లి చెంబుతో మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. చాంద్‌బీ తాగింది. నీళ్లు ఇచ్చోడ బావి నీళ్లలాగా తియ్యగా ఉన్నాయి.

"మా ఆడిబిడ్డ మీ పక్క కాలనీలనే ఉంటది" అంది భూమవ్వ. "ఆమె చాయ్ గిన్నె గూడ గట్లనే తెల్లగ ఐతది. గీ నీళ్లతోని గిట్లనే ఐతదని నాకు ఎర్కనే. ఆ రోజు నువ్వు నన్ను ఇంట్లకు పిలిచి అక్కా గిదేందని అడిగితే, అప్పుడే చెప్తుంటి. నువ్వు అడగలే. వాకిట్ల నిలబెట్టినవ్."

"మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదక్కా?"

"నా పాలు మోరీల పోస్తుంటే నాకు ఇగ మాటెక్కడ వస్తది?"

చాంద్‌బీ రేపటి నుంచి రమ్మని బతిమాలింది. భూమవ్వ పలుపు వైపు చూసి, చిన్న బర్రె వైపు చూసి, "బతకాలె గదా, వస్త" అంది. బర్రెను మళ్లీ కొందామని, అమ్జద్‌తో మాట్లాడతానని చాంద్‌బీ ఏదో అనబోతే "గవన్ని వద్దు చాందక్కా, పాలు పోయించుకో సాలు" అని గడ్డి వెయ్యడానికి లేచింది.

మర్నాడు చాంద్‌బీ నమాజుకు ముందే క్యాన్ వంచి అరగ్లాసు మంచినీళ్లు గిన్నెలో పోసి పెట్టింది. నమాజులో ఉండగానే "పాలూ" అని కేక వినిపించింది, మనసు అటు పరుగెత్తింది. సలాం చెప్పి నమాజు ముగించి, సర్వ అందుకుని గుమ్మంలోకి ఉరికింది. గల్లీలో నాలుగు ఇళ్ల గేట్లే తెరుచుకున్నాయి.

భూమవ్వ "అన్నకు నొప్పి తక్కువైందా?" అని అడిగింది. తక్కువైందని చాంద్‌బీ చెప్పింది. భూమవ్వ డబ్బా అంచు దాకా లీటరు ముంచింది. ఒక్క చుక్క తగ్గకుండా సర్వలో పోసింది.

చాంద్‌బీ సర్వను అలాగే పట్టుకుని నిలబడింది. కొసరు అడగాలని కాదు, ఎనిమిది నెలల అలవాటు, చేతులు వాటంతట అవే ఆగాయి. భూమవ్వ ఆ చేతుల్ని చూసింది. చూసి, క్యాన్‌కు మూత పెట్టి గట్టిగా నొక్కి, రమ ఇంటి వైపు నడిచింది.

చాంద్‌బీ లోపలికి వచ్చి పాలు గిన్నెలో పోసింది. అవి పొంగేదాకా కదలకుండా పొయ్యి దగ్గరే నిలబడింది. పాలు మళ్లీ సర్వలోకి వంచి చూస్తే గిన్నె అడుగంటలేదు, తెల్లగా ఏమీ పెచ్చు కట్టలేదు. లీటరుకు లీటరే ఉన్నాయి.